తడక వినయ్ సార్

సకల జనుల సమ్మె మొదలై ఆర్టీసీ బస్సులు డిపోలు దాటడం మానేశాక, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు షట్టర్లు సగం దించుకుని నడుస్తున్నాయి. విద్యార్థులు తలలు వంచి లోపలికి దూరుతున్నారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక వినయ్ మైకు పక్కన పెట్టేసి గొంతుతోనే అంకగణితం చెబుతున్నాడు. ఆ ఉదయం కాలం–పని అధ్యాయం. ఇద్దరు కలిసి గోడ కడుతుంటే మధ్యలో ఒకడు మానేశాడు, మిగతా గోడ రెండోవాడు ఎంతకాలంలో కడతాడు. బోర్డు మీద భిన్నాలు రాస్తుండగా అటెండరు వచ్చి, క్లాసయ్యాక డైరెక్టర్ సార్ రమ్మంటున్నారని చెప్పి వెళ్లాడు.

డైరెక్టర్ వెంకట్రావుది గుంటూరు వైపు. ఏ సంగతీ తిన్నగా చెప్పే అలవాటు లేదు. ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో టీ వంచి, సమ్మె గురించి, బొగ్గు గురించి, పరీక్షల వాయిదా గురించి మాట్లాడి, చివరికి ఎల్‌బీ నగర్ బ్రాంచి దగ్గరికి వచ్చాడు. దసరా లోపే తెరుస్తున్నామనీ, దానికి ఇన్‌ఛార్జిగా వినయ్‌ని అనుకుంటున్నాననీ చెప్పాడు.

వినయ్ కప్పు కింద పెట్టాడు. ఆ బ్రాంచి భిక్షపతిదని స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. భిక్షపతి తెలంగాణ చరిత్ర చెబుతాడు. సెంటర్ పెట్టిన కొత్తలో చైతన్యపురి హాస్టళ్లలో గది గదికీ తిరిగి విద్యార్థుల్ని పట్టుకొచ్చింది అతనే. ఎల్‌బీ నగర్‌లో ఆ బిల్డింగు వెతికి, ఓనర్‌తో బేరమాడి ఒప్పించింది కూడా అతనే. తోటి లెక్చరర్లు అప్పుడే అతన్ని ఇన్‌ఛార్జి సార్ అని పిలవడం మొదలుపెట్టారు.

"భిక్షపతి గారికి ఇస్తారనుకున్నామండీ" అన్నాడు వినయ్.

"భిక్షపతి మంచోడే, కాదన్ను. కానీ రేపు ఎవరైనా వచ్చి సెంటర్ మూయమంటే అందరికంటే ముందు తాళం తీసుకునేది ఆయనే. ఆయన చేతిలో పెట్టి నేను నిద్రపోలేను. పోనీ నా పేరో, మీ పాత పేరో బోర్డు మీద రాయిద్దామా అంటే అద్దాలు మిగలవు." వెంకట్రావు మెల్లగా నవ్వాడు. "మీరైతే పేరు వాళ్లది, మనిషి మనవాడు."

తను ఇంటిపేరు మార్చుకున్నది అందుకు కాదని వినయ్ చెప్పబోయాడు. ఎందుకు మార్చుకున్నారని తను అడగలేదు కదా అన్నాడు వెంకట్రావు. వినయ్ ఇంట్లో ఒక మాట చెప్పి వస్తానన్నాడు. వెంకట్రావు లేచి చేయి కలిపాడు. ఒప్పుకున్నట్టే లెక్క.

స్టాఫ్ రూములో భిక్షపతి కిటికీ వెలుతురులో నోట్సు దిద్దుకుంటున్నాడు. తల ఎత్తి, పెద్దసారు ఏమన్నడని అడిగాడు. టైమ్ టేబుల్ సంగతి అని వినయ్ చెప్పాడు. భిక్షపతి మళ్లీ కాగితాల మీదికి వంగాడు.

*

వినయ్ వాళ్లది చైతన్యపురిలో మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు. అతను వెళ్లేసరికి భార్య ప్రసన్న నేల మీద గ్రాఫు కాగితం పరుచుకుని చీర అంచుకి డిజైను గీస్తోంది. పోచంపల్లిలో మగ్గం నేసేవాళ్లు ఆ గళ్ల ప్రకారమే దారం కట్టి రంగు అద్దుతారు. ఒక గడి తప్పితే చీర పొడుగునా తప్పు వస్తుంది. అందుకని గీస్తున్నంతసేపూ ఆమె మాట్లాడదు. వినయ్ అన్నం పెట్టుకుని తిని, ఆమె పెన్సిలు పక్కన పెట్టేదాకా ఆగి, ఇన్‌ఛార్జిని చేస్తున్నారని చెప్పాడు.

ఆమె ముఖం విచ్చుకుంది. అంతలోనే, "మరి భిక్షపతి సార్‌కు ఇస్తరన్నవు గద?" అని అడిగింది.

"డైరెక్టర్ ఆలోచన మారింది."

"ఎందుకట?"

లెక్కలు చెప్పేవాళ్లు ముందుంటే పిల్లలు ఎక్కువ చేరతారని ఆయన నమ్మకం అన్నాడు వినయ్. అది నోటికి సులువుగా వచ్చింది. ప్రసన్న తల ఊపి కాగితం చుట్టింది.

పడుకున్నాక అతనికి జూన్ నెలలో తమ పెళ్లి జరిగిన రిజిస్ట్రార్ ఆఫీసు గుర్తుకొచ్చింది. గుమాస్తా ఎవర్నీ అడక్కుండానే వినయ్ ఇంటిపేరు చేర్చి 'అడబాల ప్రసన్న' అని రాసేసి సంతకం పెట్టమన్నాడు. పెన్ను పట్టుకున్న ప్రసన్న చేయి కాగితానికి కొంచెం ఎత్తులో ఆగిపోయింది. ఆ ఆగిన చేతిని చూసి, ఆమె పేరు అలాగే ఉంచండి, నేనే తడక అవుతాను అని వినయ్ అనేశాడు. గుమాస్తా పక్క టేబులు వాళ్లను పిలిచి మరీ చూపించాడు. వినయ్‌కి ఆ రోజు తన మీద తనకు చాలా గౌరవం కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గౌరవం ఎక్కడో ముల్లులా తగులుతోంది.

*

ఆదివారం ఎల్‌బీ నగర్‌లో తల్లిదండ్రుల ఇంటికి వెళ్లాడు. తండ్రి జోగారావు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. భీమవరం నుంచి వచ్చి ఈ కాలనీలోనే ఇల్లు కట్టుకున్నాడు. కొడుకు పేరు మార్పు ప్రకటన పడిన రోజున, పేపరు రాలేదని భార్యకు అబద్ధం చెప్పి దాన్ని చించి పారేశాడు. అప్పట్నుంచి కొడుకుతో మాట్లాడవలసి వస్తే టీవీ వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. ఈ మధ్య పార్కులో వాకింగ్ కూడా మానేశాడు. ఎప్పుడూ కలిసి నడిచే స్నేహితుడొకాయన నవ్వుతూనే, మీరెప్పుడు సామాను సర్దుకుంటున్రు జోగారావు గారూ అని అడిగాడట. ఆయన నవ్వుతూనే అడిగాడని జోగారావు పదేపదే చెబుతాడు.

ఇన్‌ఛార్జి సంగతి వినయ్ తల్లికి చెప్పాడు. కొత్త బ్రాంచికి ఇక్కడి పేరున్న మనిషి కావాలన్నారని కూడా, ఎందుకు అన్నాడో తెలియకుండానే, అన్నాడు. టీవీ చూస్తున్న జోగారావు మెల్లగా ఇటు తిరిగాడు.

"అంటే ఈ పేరు గోలంతా దీనికోసమా?"

వినయ్ తల్లి వైపు చూశాడు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదరా అబ్బాయ్. పెళ్లాం కొంగు పట్టుకుని తాతల పేరు పారేసుకున్నాడని నేను లోపల్లోపల కుళ్లిపోతున్నాను. ఉద్యోగం కోసమంటే ఎవడు కాదంటాడు? ఈ రోజుల్లో ఊరి పేరు చెప్పుకుని ఇక్కడ బతగ్గలమా? తెలివైన పని చేశావ్."

"అది కాదు నాన్నా" అని వినయ్ మొదలుపెట్టేసరికే తల్లి ఇందిరాదేవి ఫోను అందుకుంది. భీమవరంలో ఉన్న అక్కగారికి చేసి, అది ఉద్యోగం కోసమేననీ, ఇక్కడ గొడవలు కాబట్టి ఈ పేరుంటే గానీ పెద్ద పదవి ఇవ్వరనీ, పిల్లాడు ఇంట్లో కూడా చెప్పకుండా గుట్టుగా ఉన్నాడనీ చెబుతోంది. చెబుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. మూడు నెలలుగా ఆవిడ చుట్టాల ఫోన్లు ఎత్తడం లేదు. అటువైపు అక్కగారు ఏదో అంటే, "అవునే, మన పిల్లాడికి ఆ మాత్రం తెలివి లేకపోతుందా" అని నవ్వింది.

పనసపొట్టు కూర ఉందనీ తిని వెళ్లమనీ బలవంతం చేసింది. జోగారావు వచ్చి కొడుకు పక్కన పీట వాల్చుకున్నాడు. పెళ్లి తర్వాత ఆయన అలా కూర్చోవడం అదే మొదటిసారి. కూర తనే వడ్డించాడు, ఆవఘాటు సరిపోయిందా అని అడిగాడు. వినయ్‌కి చెప్పాలనే ఉంది. ప్రసన్న చేయి అలా ఆగిపోవడం చూడలేక ఆ పని చేశానని చెబితే తండ్రి ఈ పీట మీదనుంచి లేచిపోతాడు. ఉద్యోగం కోసం మోసం చేశానంటే పక్కన కూర్చుని అన్నం తింటాడు. వినయ్ తల వంచుకుని తిన్నాడు.

*

మర్నాడే ఫ్లెక్సీలు లేచాయి. ఒకటి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, ఇంకొకటి దిల్‌సుఖ్‌నగర్‌లో, సరిగ్గా బాలనర్సయ్య చీరల దుకాణానికి ఎదురుగా. బాలనర్సయ్య ప్రసన్న తండ్రి. పోచంపల్లి నుంచి మూటలు మోసుకొచ్చి వీధులు తిరిగి అమ్మి, తర్వాత ఈ దుకాణం పెట్టుకున్న మనిషి. ఉదయం తండ్రీకూతుళ్లు షట్టర్ ఎత్తి వెనక్కి తిరిగేసరికి ఎదురుగా నిలువెత్తు వినయ్. 'మన పోచంపల్లి ముద్దుబిడ్డ తడక వినయ్ సార్ సారథ్యంలో' అని రాసి ఉంది.

సాయంత్రం వినయ్ దుకాణానికి వచ్చేసరికి కరెంటు లేదు. ప్రసన్న పరుపు మీద కూర్చుని ఉంది. బాలనర్సయ్య లోపల భార్య రాధమ్మతో ఫోనులో ఏదో మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నం పద్మశాలి సంఘం నుంచి ఇద్దరు వచ్చారని ప్రసన్న చెప్పింది. ఈ పిల్లగాడు ఏ తడకోళ్ల కొడుకు, మనకు ఎరుకలేకుండ ఇంత పెద్దోడు ఎవడున్నడు, దండ వేద్దామని అడిగారట. కొడుకని చెప్పలేక, అల్లుడని చెబితే ఇంటిపేరెట్లా ఒకటైందో వివరించలేక, బాలనర్సయ్య వాళ్లకు చాయ్ తెప్పిస్తానని బయటికి వెళ్లి చాలాసేపు రాలేదట.

"గా ఫ్లెక్సీ సంగతి నీకు ముందే ఎరుకనా?" అని ప్రసన్న అడిగింది.

"ఫ్లెక్సీ తెలియదు."

"పేరు చూసే ఇన్‌ఛార్జిని చేసిన్రని?"

తెలుసు అన్నాడు.

"మరి నాతోని లెక్కలు అంటివి."

వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ప్రసన్న గొంతు పెంచలేదు. "నేను చిన్నప్పుడు నాయిన మూట ఎత్తుకుని ఇండ్ల ముంగట నిలబడితే, తడకోళ్లొచ్చిన్రు అని లోపలికి పిలిచెటోళ్లు. అది మా పేరు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇయ్యాల గాడ రాసింది చూస్తే ఎవరో దాన్ని కిరాయికి తీసుకున్నట్టుంది."

తన ఉద్దేశం అది కాదని వినయ్ అన్నాడు. ఉద్దేశం గురించి కాదు, ఆదివారం మీ ఇంట్ల ఏం చెప్పినవ్ అని ఆమె అడిగింది. ఇందిరాదేవి సంతోషం పట్టలేక కోడలికి కూడా ఫోను చేసిందని అప్పుడు తెలిసింది. మీ ఆయన తెలివి తెలియక మేమే తప్పుగా అనుకున్నామమ్మా అన్నదట.

దుకాణం మూసే వేళకు ప్రసన్న, ఇయ్యాల నాయినతోని పోతున్న అని చెప్పి తండ్రి బండెక్కింది.

*

తరువాతి రోజు వినయ్ ఒక్కడే కొత్త బ్రాంచి చూసి రావడానికి నడిచి బయల్దేరాడు. కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిల మీద డేగిశాలు ఉడుకుతున్నాయి. ఆడవాళ్లు ఉల్లిగడ్డలు తరుగుతున్నారు, టీచర్లు, లాయర్లు, పండ్ల మార్కెట్ హమాలీలు బంతి కూర్చుని తింటున్నారు. వాళ్ల మధ్య భిక్షపతి ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని విస్తర్లలో కిచిడీ వడ్డిస్తున్నాడు. వినయ్‌ని చూసి పక్కవాళ్లను జరగమని, కూర్చోమన్నాడు. వినయ్ కూర్చున్నాడు. భిక్షపతి వడ్డించి, గరిటె ఇంకొకరి చేతికిచ్చి, ఎదురుగా గొంతు కూర్చున్నాడు.

బ్రాంచి విషయం తనే ముందు చెప్పవలసిందని వినయ్ అన్నాడు. ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నానని భిక్షపతి చెప్పాడు. కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషిలా ఉన్నాడు.

"మా పెద్దన్నకు టీచర్ నౌకరి రావాల్సుండె. దొంగ లోకల్ సర్టిఫికెట్ పెట్టుకుని వేరేటోడు పట్టుకపోయిండు. గా కథ నేను క్లాసుల కూడా చెప్త, నీకు ఎరుకే. సర్టిఫికెట్లతోని లోకల్ అయినోళ్లను శానమందిని చూసిన సార్. పెండ్లితోని అయినోన్ని నిన్నే చూసిన." లేచి నిలబడి, "తిను. సల్లగైతది" అన్నాడు.

వినయ్ చేతిలో ముద్ద అలాగే ఉంది. ఇన్ని రోజులూ తను మోసం చేయలేదనే ఒక్క మాట మీద నిలబడి ఉన్నాడు. నిజానికి ఎవరికీ ఏ అబద్ధమూ రాసివ్వలేదు, పేరు న్యాయంగానే మార్చుకున్నాడు. అయినా ఒకడి చోటు ఇంకొకడికి పోవడానికి అది సరిగ్గా పనికొచ్చింది. పక్కన కూర్చున్న ముసలాయన పచ్చిమిరపకాయ అందిస్తే అందుకున్నాడు. విస్తరి ఖాళీ చేసి, మడిచి, చేయి కడుక్కుని, ఎల్‌బీ నగర్ వైపు వెళ్లకుండా వెనక్కి నడిచాడు.

*

ప్రారంభోత్సవం రోజు హాలు నిండిపోయింది. జనరేటర్ పెట్టించారు. వెంకట్రావు కాలనీ పెద్దల్నీ, ఉద్యమంలో తిరిగే నాయకుడొకాయన్నీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు. భిక్షపతి రాలేదు. కొబ్బరికాయ కొట్టాక, మన ప్రాంతం బిడ్డ మాట్లాడతాడంటూ వెంకట్రావు మైకు వినయ్ చేతికిచ్చాడు.

అంతకుముందు రోజు సాయంత్రం వినయ్ వెంకట్రావు దగ్గరికి వెళ్లి, ఇన్‌ఛార్జి పని తనకు వద్దనీ, భిక్షపతికి ఇవ్వమనీ చెప్పాడు. ఫ్లెక్సీలు కట్టాక ఆ మాటలు పనికిరావనీ, ప్రారంభం అయ్యాక తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందామనీ ఆయన భుజం తట్టి పంపించాడు.

వినయ్ మైకు పట్టుకుని నిలబడ్డాడు. క్లాసులో ఎప్పుడూ చేతికి సుద్దముక్క ఉంటుంది. ఇప్పుడు రెండో చేయి ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"నాది పోచంపల్లి కాదు" అన్నాడు. "మా వాళ్లది భీమవరం. మా ఇంటిపేరు అడబాల. తడక అనేది నా భార్య ఇంటిపేరు. పెళ్లప్పుడు నేను తీసుకున్నాను. ఆ పేరు చూసి నన్ను ఇక్కడ పెట్టారు. ఈ చోటు భిక్షపతి సార్‌ది."

ముందు వరసలో నాయకుడు వెంకట్రావు వైపు తిరిగాడు. వెంకట్రావు నవ్వు ముఖం మీద అలాగే నిలిచిపోయింది. వినయ్ కేకల కోసం ఎదురుచూశాడు. కుర్చీలు విరుగుతాయని కూడా అనుకున్నాడు. వెనక వరసలోంచి దేవరకొండ విద్యార్థి ఒకడు లేచి, "మీరు ఆంధ్రోళ్లని మీ మాటలనే తెలుస్తది సార్. ఎవరం మోసపోలే" అన్నాడు. కొందరు అవునన్నట్టు తలలూపారు. అతను కూర్చోబోయి మళ్లీ ఆగాడు.

"గని సార్, పెండ్లాం ఇంటిపేరు పెట్టుకున్నరా నిజంగ?"

ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో హాలంతా నవ్వు పాకింది. ముందు వరసలో కాలనీ పెద్దలు నవ్వారు. నాయకుడు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. గుంటూరు వెంకట్రావు కూడా ఊపిరి పీల్చుకుని వాళ్లతో కలిసి నవ్వాడు. భిక్షపతి పేరు ఆ నవ్వులో ఎక్కడో కొట్టుకుపోయింది. ఒక్కరు కూడా దాని గురించి అడగలేదు. రెండో వరసలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు మాత్రం నవ్వకుండా అతన్నే చూస్తున్నారు.

వెంకట్రావు వచ్చి మైకు తీసుకుని, వినయ్ సార్ చమత్కారి అని ఏదో సర్దిచెప్పాడు. మెట్ల దగ్గర చెవిలో మాత్రం రేపట్నుంచి రావద్దన్నాడు.

*

వినయ్ దిల్‌సుఖ్‌నగర్ చేరేలోపే తండ్రి ఫోను చేశాడు. కాలనీ పెద్దల్లో ఒకాయన వెళ్లి చెప్పినట్టున్నాడు. ఉద్యోగం పోయినందుకు జోగారావు పెద్దగా ఏమీ అనలేదు. "అది కాదురా, అంతమందిలో మైకు పట్టుకుని పెళ్లాం పేరు పెట్టుకున్నానని చెప్పుకోవాలా?" అని, సమాధానం కోసం ఆగకుండా పెట్టేశాడు.

దుకాణంలో బాలనర్సయ్య ఒక కస్టమరును పంపించి, అల్లుడికి మంచినీళ్లు ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకూ కబురు అందింది. "ఆంధ్రోన్నని చెప్పినవట. మంచిగ చేసినవ్. దానికి నేనేమనను బిడ్డా. గని పెండ్లాం పేరు పెట్టుకున్ననని మైకుల చెప్పాల్నా?" అన్నాడు. ఈ రాష్ట్రం ఒకటిగా ఉండాలనే తండ్రీ, వేరు కావాలనే మామా ఒకే మాట అన్నారు. వినయ్‌కి నవ్వు వచ్చేదే గానీ రాలేదు. బాలనర్సయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని చాయ్‌కి వెళ్లాడు.

ప్రసన్న కస్టమరు చూసి వదిలేసిన చీరల కుప్ప ముందు నిలబడి ఉంది. ఒక చీర దులిపి, రెండో కొస వినయ్ వైపు చాచింది. అతను అందుకుని వెనక్కి జరిగాడు. ఇద్దరూ అంచులు కలిపి లాగి, మధ్యకు మడిచి, దగ్గరికి వచ్చి, మళ్లీ దూరం జరిగారు.

"భిక్షపతి సార్‌ను పెట్టిన్రా?" అని ఆమె అడిగింది.

లేదన్నాడు. విజయవాడ నుంచి ఎవరినో రప్పిస్తున్నారట. భిక్షపతికి ఫోను చేస్తే, విన్న అని మాత్రం అని ఊరుకున్నాడని చెప్పాడు. ప్రసన్న మడిచిన చీర పైన అరచేత్తో రాసి బీరువాలో పెట్టింది. ఇంకొకటి తీసింది. ఇద్దరూ మూడు చీరలు మడిచారు.

"ఈ పేరు వదిలేసి పాతదే పెట్టుకోమంటే పెట్టుకుంటాను" అన్నాడు వినయ్. "నువ్వెలా చెబితే అలా."

ఆమె చేతిలో చీర కొస పట్టుకుని అతని ముఖంలోకి చూసింది. నాలుగు రోజుల తర్వాత అలా చూడటం.

"తీసుకునేటప్పుడు నన్ను అడిగినవా?"

రిజిస్ట్రార్ ఆఫీసులో అతను గుమాస్తాతో మాట్లాడాడు. పక్కనే నిలబడ్డ ఆమెతో ఆ ముక్క అనాలని కూడా తోచలేదు.

"నేను చెయ్యి ఆపింది నా పేరు పోతదేమోనని. నీకియ్యాలని కాదు" అంది ప్రసన్న. "అందరు నువ్వు మంచోనివన్నరు, నేను సుత అదే అనుకున్న. నాయినను అడగలే, నన్ను అడగలే. ఇప్పుడు వద్దంటే ఇడిసిపెడ్తనంటవ్. అది సుత నేనే చెప్పాల్నా?"

బయట ఎవరో నిచ్చెన వేసి ఫ్లెక్సీ దించుతున్నారు. వినయ్ అటు చూడలేదు.

"పేరు ఉంచుకోవచ్చా?" అని అడిగాడు.

ప్రసన్న చీర అంచును వేళ్లతో సరిచేసుకుంటూ, తండ్రి వెళ్లిన వైపు ఒకసారి చూసింది.

"ఆలోచించుకుని చెప్త" అంది. "జర టైము ఇయ్యి."

తర్వాత కొస గట్టిగా లాగి పట్టుకోమన్నట్టు తల ఊపింది. అతను పట్టుకున్నాడు.